కీళ్ళవాతం: వేళ్ళు వంకరపోక ముందే

పల్నాడులో మిరపకోతల రోజుల్లో ప్రభుత్వాసుపత్రి ఓ.పి.కి వచ్చే ఆడవాళ్ళ నోట కొన్ని మాటలు తరచు వింటూ వుంటాము. "పొద్దున లేస్తే పిడికిలి బిగవటం లేదండీ." "కాయ తుంచలేకపోతున్నాను." "చెంబు చేతిలోంచి జారిపోతోంది." "జడ వేసుకుందామంటే చెయ్యి పైకి లేవటం లేదు." ఇంట్లోవాళ్ళను అడిగితే, పని ఎక్కువై ఒళ్ళు అలిసిందండీ అంటారు. ఎక్కువ పనిచేస్తే ఒళ్ళు నొప్పులు రావటం నిజమే. కాని ఆ నొప్పి పనిచేసిన సాయంత్రం ఎక్కువగా వుండి, రాత్రి పడుకుని లేస్తే తగ్గాలి. రాత్రంతా పడుకుని లేచిన తరువాత, పొద్దున్నే ఎక్కువగా వుండే నొప్పి అలసట కాదు. దాని సంగతి వేరు.

డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పిలిచే జబ్బును మనవాళ్ళు కీళ్ళవాతం అంటారు. చిక్కేమిటంటే, మోకాలు అరిగినా కీళ్ళవాతమే అంటారు, మెడ పట్టేసినా వాతమే అంటారు, నడుము నొప్పి కూడా వాతమే. అన్నిటికీ పేరు ఒకటే కావటంతో మందు కూడా ఒకటే అనుకుంటారు. పక్కింటావిడకు పనిచేసిన బిళ్ళలు తెప్పించుకుని మింగుతారు. ఇలా ఏడాది, రెండేళ్ళు గడిచిపోతాయి. అసలు జబ్బు వున్నవారికి ఆ రెండేళ్ళే ప్రాణం లాంటివి. చాలామందిలో ఎముక తినివేతకు గురికావటం మొదటి రెండేళ్ళలోనే మొదలవుతుంది. ఒకసారి వంకరపోయిన వేలు ఏ మందుతోనూ తిన్నగా కాదు.

కీలు లోపల ఏమి జరుగుతుందో కొంచెం తెలుసుకుంటే మిగతాది సులభంగా అర్థమవుతుంది. ప్రతి కీలుకూ లోపలివైపు ఒక పలుచని పొర వుంటుంది. తలుపు బందుకు నూనె వేసినట్లు, కీలు తేలికగా కదలటానికి కావలసిన జిగట ద్రవాన్ని ఈ పొర తయారుచేస్తుంది. క్రిముల నుంచి మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ దారితప్పి, ఈ పొరను పరాయిదానిగా భావించి దాడిచేస్తుంది. పొర వాచి దళసరి అవుతుంది. క్రమంగా పక్కనున్న మృదులాస్థిని, ఎముకను కొరుక్కుతింటుంది. కీలును పట్టివుంచే బంధనాలు సడలిపోతాయి. అప్పుడు వేళ్ళు చిటికెనవేలి వైపుకు ఒరిగిపోతాయి. ఇది నూటికి ఒకరికన్నా కొంచెం తక్కువ మందికి వచ్చే జబ్బు. మగవారిలో ఒకరికి వస్తే ఆడవారిలో ముగ్గురికి వస్తుంది. ముసలితనంలో వచ్చే జబ్బు అని అనుకోకండి. ముప్పై, నలభై ఏళ్ళ వయసులో, సంసారం భారమంతా మీదవున్న రోజుల్లో మొదలవటం మామూలు. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారికి వచ్చే అవకాశం ఎక్కువ. వచ్చాక తీవ్రంగా వుండే అవకాశం కూడా ఎక్కువే.

గుర్తులు చెబుతాను. పొద్దున లేవగానే చేతులు బిగుసుకుపోయి, అవి వదులవటానికి అరగంట, గంట, ఒక్కొక్కరికి మధ్యాహ్నం దాకా పడుతుంది. మణికట్లు, వేళ్ళ మొదళ్ళు, వేళ్ళ నడిమి కణుపులు, పాదాల వేళ్ళ మొదళ్ళు వాస్తాయి. సాధారణంగా రెండు చేతులకూ ఒకేలాగా వస్తుంది. గోళ్ళ దగ్గరి కణుపులను చాలావరకు వదిలేస్తుంది. వుంగరం బిగుతవుతుంది, గాజులు ఎక్కవు. నీరసం, ఆకలి లేకపోవటం, కొద్దిగా జ్వరం, రక్తహీనత తోడవుతాయి. ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేసి చూడవచ్చు. కరచాలనం చేసినట్లు చెయ్యి పట్టుకుని, నాలుగు వేళ్ళ మొదళ్ళను రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కండి. నొప్పికి చెయ్యి వెనక్కి లాక్కుంటే, పైన చెప్పిన వాపు, పొద్దుటి బిగుతు కూడా వుంటే, ఆరు వారాలు దాటనివ్వకుండా డాక్టరుకు చూపించాలి.

మరి మోకాళ్ళ అరుగుదల? అది యాభై దాటినవారిలో ఎక్కువ. నడిస్తే, మెట్లెక్కితే, కింద కూర్చుని లేస్తే నొప్పి. కూర్చుంటే తగ్గుతుంది. పొద్దుటి బిగుతు వున్నా పావుగంట, ఇరవై నిమిషాలలో పోతుంది. కోటప్పకొండ మెట్లు ఎక్కలేకపోతున్నానని వచ్చే పెద్దవాళ్ళలో ఎక్కువమందిది ఇదే. గౌట్ అనేది ఇంకొకటి. ఎక్కువగా మగవారికి, రాత్రికి రాత్రే కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి వస్తుంది. పిల్లలకు గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరంతో ఒక కీలు తరువాత ఇంకొక కీలు వాస్తే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. దానిలో కీళ్ళు బాగుపడతాయి గాని గుండె కవాటాలు పాడవుతాయి, వెంటనే చూపించాలి. 2006లో చికున్ గున్యా మన రాష్ట్రమంతా వచ్చినప్పుడు జ్వరం తగ్గిన తరువాత కూడా నెలల తరబడి కీళ్ళు పట్టేసి కుంటుతూ నడిచినవారు ప్రతి వూళ్ళోనూ వుండేవారు. వారిలో ఎక్కువమందికి క్రమంగా తగ్గిపోయింది.

మన ప్రాంతానికి సంబంధించి ఇంకొకటి చెప్పాలి, నీళ్ళ సంగతి. మన దేశంలో ఫ్లోరైడు నీటివల్ల ఎముకలు బిగుసుకుపోవటాన్ని డాక్టర్లు 1937లో మొట్టమొదట వివరంగా రాసింది మనకు పొరుగునే వున్న పొదిలి పరిసరాల రోగులను చూసి. అప్పుడది మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా. పల్నాడులో కూడా వినుకొండ, బొల్లాపల్లి వైపు కొన్ని వూళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడు మోతాదు మించి వుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు వుంటే మంచిది, ఒకటిన్నర దాటకూడదు. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవారికి పళ్ళమీద గారలు, నడుము, మెడ బిగుసుకుపోయి పక్కకు తిరగలేకపోవటం వుంటుంది. వేళ్ళ కణుపులు వాయటం దాని లక్షణం కాదు. వూళ్ళో నలుగురికి నడుము పట్టిందని, చేతులు వాచిన ఐదో మనిషికి కూడా "మన నీళ్ళు అంతేలే" అని సరిపెట్టకండి. నీళ్ళు మార్చవలసిన జబ్బు ఒకటి, మందు వెయ్యవలసిన జబ్బు ఇంకొకటి. ఎక్సురే తీస్తే తేడా తెలిసిపోతుంది.

రక్తపరీక్షల గురించి రెండు మాటలు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే పరీక్ష జబ్బు వున్నవారిలో పదిమందికి ఏడెనిమిది మందిలో మాత్రమే కనబడుతుంది. జబ్బు లేనివారిలో కూడా కొందరికి కనబడుతుంది. కాబట్టి కాగితం చూసి కాదు, చెయ్యి చూసి జబ్బును నిర్ణయించాలి. ఏ.ఎస్.ఓ. అనే పరీక్ష పెరిగిందని చెప్పి, నలభై ఏళ్ళవారికి మూడు వారాలకొక పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేయించుకుంటున్నవారు నాకు ఇప్పటికీ తారసపడుతున్నారు. ఆ పరీక్ష, గొంతులో ఒక రకం క్రిమి ఎప్పుడో వచ్చిపోయిందని మాత్రమే చెబుతుంది. ఆ సూదులకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు.

ఇక వైద్యం. వాతానికి వాతలు పెట్టించుకున్నవారినీ, ఆకుకట్లు కట్టించుకున్నవారినీ చూశాను. వాటికంటే నాకు ఎక్కువ భయం కలిగించేది పేరులేని పొట్లాలు. "ఫలానా వూళ్ళో మందిస్తున్నారు, నాలుగు రోజుల్లో లేచి తిరిగాను" అంటారు. నాలుగు రోజుల్లో లేచి తిరిగేట్లు చేసే మందు ఒకటి వున్న మాట నిజమే. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు 1948 సెప్టెంబరులో మంచానపడిన ఒక స్త్రీకి కార్టిజోన్ ఇంజెక్షన్లు ఇస్తే కొద్దిరోజుల్లో లేచి నడిచింది. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. 1950లో హెంచ్‌కు, కెండాల్‌కు, రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి ఇచ్చారు. తరువాత తెలిసింది దాని రెండో ముఖం. మొహం గుండ్రంగా వుబ్బుతుంది, చక్కెర జబ్బు బయటపడుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కళ్ళలో శుక్లాలు వస్తాయి, లోపల అణగివున్న క్షయ లేస్తుంది. పొట్లాలలో వుండేది తరచు ఈ జాతి మందే, డెక్సామెథసోనో, ప్రెడ్నిసొలోనో. డాక్టర్లు కూడా దీన్ని వాడతారు. అయితే తక్కువ మోతాదులో, అసలు మందు పనిచెయ్యటం మొదలుపెట్టేదాకా, కొద్దికాలం మాత్రమే.

ఇప్పటికే అటువంటి పొట్లాలు నెలల తరబడి వాడుతున్నవారు ఇది చదివి ఒక్కసారిగా మానేస్తే ఇంకా ప్రమాదం. శరీరం సొంతంగా ఆ రసాన్ని తయారుచెయ్యటం మరచిపోయి వుంటుంది. హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. దాచిపెట్టకండి, మేము తిట్టము. మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

నొప్పి బిళ్ళల మాట కూడా ఇంతే. డైక్లోఫెనాక్ వంటివి నొప్పిని తగ్గిస్తాయి, లోపల జరిగే తినివేతను ఆపవు. రోజూ మింగితే కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అవసరమైన రోజుల్లో, అన్నం తిన్న తరువాత, డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి.

జబ్బును లోపలినుంచి అణచే మందులలో మొదట చెప్పుకోవలసినది మెథోట్రెక్సేట్. ఈ మందు కథలో మనవాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ సంస్థ పరిశోధనాలయానికి నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని, తరువాత దానికి ఎదురు పనిచేసే మందులను ఆయన బృందం తయారుచేసింది. ఆ మందులలో మొదటిదానిని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు వచ్చిన పిల్లలకు వాడాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో చనిపోయారు. కార్టిజోన్‌తో మేయోలో ఆ స్త్రీ లేచి నడిచింది ఆ మరుసటి నెలలోనే. ఇంజెక్షనుకు వెంటనే పేరు వచ్చింది. సుబ్బారావుగారి బృందం మందును కీళ్ళవాతానికి వాడటానికి అమెరికాలో అనుమతి వచ్చేటప్పటికి 1988 అయింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడైనా కీళ్ళవాతానికి మొదట తలుచుకునే మందు ఇదే. నాలుగు రోజుల్లో గుణం చూపదు. ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. ఓపిక లేక ఈ మధ్యలోనే చాలామంది మానేస్తారు.

ఇక్కడ ఒక్క నిమిషం జాగ్రత్తగా చదవండి. ఇంట్లో చదువురానివారు ఈ మందు వాడుతుంటే వారికి చదివి వినిపించండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకునే మందు కాదు. చీటీ సరిగా అర్థంకాక దీన్ని రోజూ మింగి, నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం పోగొట్టుకున్నవారున్నారు. దీని చెడు ప్రభావాన్ని తగ్గించటానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం బిళ్ళ మిగతా రోజుల్లో ఇస్తారు. తరచు రెండూ పసుపురంగు చిన్న బిళ్ళలే కావటం ఇంకొక చిక్కు. నేను మా రోగులకు చెప్పే ఉపాయం ఇది. మీ వూరి సంత ఏ రోజో ఆ రోజు మెథోట్రెక్సేట్ వేసుకోండి. సంత వారానికి రెండుసార్లు రాదు గదా! ఆ బిళ్ళలను వేరే డబ్బాలో పెట్టి, డబ్బామీద ఆ వారం పేరు రాయండి. ఒక వారం మరచిపోతే వచ్చే వారం రెట్టింపు వేసుకోకూడదు.

మొదటి మూడు నెలలు తరచుగా, తరువాత రెండు మూడు నెలలకొకసారి రక్తకణాలు, కాలేయం పరీక్ష చేయించాలి. సారా, బ్రాందీ ముట్టకూడదు. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు ఈ మందు వాడరాదు. బిడ్డను కనదలచుకున్నవారు కనీసం మూడు నెలల ముందు డాక్టరుతో చెప్పి మందు మార్పించుకోవాలి. వారికి హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫసలజీన్ వంటి వేరే మందులున్నాయి. నోటిపూత, జ్వరం, పొడిదగ్గు, ఆయాసం వస్తే మందు ఆపి వెంటనే రావాలి. కీళ్ళవాతం ప్రత్యేక నిపుణులకు చూపించుకోదలచినవారికి హైదరాబాదు నిమ్స్‌లో విడిగా ఆ విభాగమే వుంది. మొదట్లోనే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్ళినా మంచిదే.

తిండి సంగతి అడగనివారు లేరు. "గోంగూర మానెయ్యమన్నారు, వంకాయ మానెయ్యమన్నారు, చిక్కుడు, బంగాళాదుంప, చింతపండు మానెయ్యమన్నారు" అని చెబుతారు. వీటిలో ఏది మానేసినా ఈ జబ్బు తగ్గదు. గుంటూరు సీమలో పుట్టినవారిని గోంగూర మానెయ్యమనటం జబ్బుకు తోడు ఇంకొక శిక్ష. రక్తహీనత వున్న మనిషి పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూరలు మానేస్తే ఇంకా నీరసించిపోతుంది. శ్రీనాథుడు ఎగతాళి చేసిన పల్నాటి జొన్నకూడు కూడా నిరభ్యంతరంగా తినవచ్చు. ఒళ్ళు బరువున్నవారు తగ్గితే మోకాళ్ళకు సుఖం. అంతే.

మందు పనిచేసి వాపు తగ్గిన తరువాత కూడా కొందరికి నొప్పి పూర్తిగా పోదు. ఇది ఇంట్లోవాళ్ళకు అర్థంకాని విషయం. "వాపు లేదు, పరీక్షలన్నీ బాగున్నాయన్నారు, ఇంకా నొప్పేమిటి?" అంటారు. అప్పటికే దెబ్బతిన్న కీలు నొప్పి పెడుతూనే వుంటుంది. అదీకాక ఏళ్ళ తరబడి నొప్పిని మోసిన నరాలు చిన్న తాకిడిని కూడా పెద్ద నొప్పిగా చూపటం అలవాటు చేసుకుంటాయి. నిద్ర పట్టకపోవటం, దిగులు దాన్ని ఇంకా పెంచుతాయి. నిద్ర పట్టటం లేదని, బతకాలని లేదని రోగి అంటే అది కూడా డాక్టరుకు చెప్పవలసిన లక్షణమే. దానికి మందులున్నాయి.

అత్తగార్లకు, భర్తలకు ప్రత్యేకంగా ఒక మాట. పొద్దున్నే లేవలేని కోడలు మధ్యాహ్నానికి మామూలుగా తిరుగుతూ కనబడితే "పొద్దుటి పని ఎగ్గొట్టటానికి వేషాలు" అనుకునేవారున్నారు. ఈ జబ్బు స్వభావమే అది. పొద్దున బిగుసుకుంటుంది, పొద్దెక్కేకొద్దీ వదులవుతుంది. పేడనీళ్ళు చల్లటం, నీళ్ళు తోడటం, అంట్లు తోమటం వంటి పనులన్నీ మన ఇళ్ళలో సరిగ్గా ఆ గంటలోనే పడతాయి. పనుల వేళ మార్చండి. లేవగానే గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో చేతులు పది నిమిషాలు వుంచి, పిడికిలి మెల్లగా మూస్తూ తెరుస్తూ వుంటే బిగుతు త్వరగా వదులుతుంది. ఆ నీళ్ళు కాచి ఇచ్చే మనిషి ఎవరైనా కావచ్చు, మగవాళ్ళయినా సరే. బరువు గిన్నెను ఒక చేత్తో, వేళ్ళ కొసలతో పట్టి ఎత్తకూడదు. రెండు అరచేతులతో ఎత్తాలి. బట్టలు మెలిపెట్టి పిండటానికి బదులు కుళాయి చుట్టూ తిప్పి లాగాలి. గరిటెకు, చీపురుకు గుడ్డ చుట్టి పిడి లావు చేసుకుంటే పట్టు సులువు. వాపు తీవ్రంగా వున్న రోజుల్లో కీలుకు విశ్రాంతి ఇవ్వాలి గాని, నెలల తరబడి మంచం పట్టకూడదు. ఒక్క సంగతి మరచిపోకండి. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగానే వుంటుంది. కాని అలా రోజూ పడుకుంటే మోకాలు వంగినట్లే బిగుసుకుపోయి, మళ్ళీ తిన్నగా చాచలేని స్థితి వస్తుంది.

ఆలస్యంగా వచ్చినవారు, చేతులు అప్పటికే వంకరపోయినవారు వికలాంగుల ధ్రువపత్రం గురించి అడుగుతారు. 2016 చట్టం ప్రకారం నూటికి నలభై శాతం, ఆపైన వైకల్యం వున్నట్లు సదరం శిబిరంలో డాక్టర్లు నిర్ణయిస్తే పింఛను మొదలైన సౌకర్యాలకు అర్హత వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఈ పింఛను నెలకు 6,000 రూపాయలు. శాతాన్ని లెక్కకట్టేది కీలు ఎంతవరకు వంగుతోంది, పట్టు ఎంత వుంది, చేతితో ఏ పనులు చెయ్యగలుగుతున్నారు అనే వాటినిబట్టి. పొద్దుటి బిగుతుకు, రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పికి ఆ లెక్కలో చోటు చాలా తక్కువ. ఇది నాకు సరిగా తోచదు. శిబిరంలో మీ వంతు వచ్చేటప్పటికి పదకొండో, పన్నెండో అవుతుంది, అప్పటికి వేళ్ళు కాస్త వదులై వుంటాయి. అందుచేత పాత చీటీలు, ఎక్సురేలు అన్నీ వరుసగా పెట్టుకుని వెళ్ళండి. ఎక్సురేలో కనబడే తినివేత మధ్యాహ్నమైనా మారదు. జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోవటం, ముద్ద కలుపుకోలేకపోవటం, తలుపు గొళ్ళెం తియ్యలేకపోవటం డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. లేనిది కల్పించవద్దు. వున్నది సిగ్గుపడి దాచవద్దు. పత్రం వచ్చినా రాకపోయినా, సంత రోజు వేసుకునే బిళ్ళ మాత్రం ఆపకండి. వంకరపోయిన వేలు తిన్నగా కాకపోయినా, దాని పక్కనున్న వేలు ఇంకా బాగానే వుండివుండవచ్చు.